"తొలి మహిళ" సరే, ఆమె తీసిన సినిమా ఏది?

మార్చి 8 దగ్గరపడేసరికి మన కార్యాలయాల్లో ఏటా ఒక పని మొదలవుతుంది. "తొలి మహిళల" పట్టిక తయారుచేయడం. తొలి మహిళా డాక్టరు, తొలి మహిళా న్యాయవాది, తొలి మహిళా పైలట్. అచ్చువేసి గోడకు అంటిస్తాం. ఆ పట్టికలో మధ్యన ఎక్కడో ఒక పేరుంటుంది: ఫాత్మా బేగం, భారతదేశంలో తొలి మహిళా సినిమా దర్శకురాలు, 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్', 1926. పక్కన మసకబారిన ఫొటో. ఒక్క వాక్యం. ఆమెతో మన పని అక్కడికి అయిపోతుంది. తర్వాతి పేరుకు వెళ్లిపోతాం.

ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోవడం మీదే నా పేచీ. ఆ సినిమా ఇవాళ లేదు. పూర్తిగా కాదు గదా, చూపించుకోవడానికి ఒక్క రీలు కూడా లేదు. ఖాళీ డబ్బా మీద అంటించిన చీటీని చదువుకుని చరిత్రలో స్త్రీలకు చోటు దొరికిందని మనం మురిసిపోతున్నాం. డబ్బా ఎందుకు ఖాళీ అయిందని అడగడం లేదు.

అడిగినవాళ్లు లేకపోలేదు. కిందటేడు తెలంగాణలో ఒక మండల కేంద్రంలో సంఘాల నాయకురాళ్లకు మూడు రోజుల శిక్షణలో నేను ఈ పట్టిక చదువుతూ ఫాత్మా బేగం దగ్గరికి వచ్చాను. ముందు వరసలో కూర్చున్న ఒకామె "ఆ సినిమా మాకు వేసి చూపియ్యరాదక్కా" అంది. లేదమ్మా, పోయింది అన్నాను. ఆమె వెంటనే "ఎవరు పోగొట్టిన్రు?" అంది. ఎట్లా పోయింది అనలేదు, గమనించండి. సంఘం డబ్బు లెక్క తేలనప్పుడు, రేషన్ బియ్యం మాయమైనప్పుడు ఆమె ఎట్లా అడుగుతుందో అట్లాగే అడిగింది. పోవడం అనేది దానంతట అది జరగదని, పోగొట్టేవాళ్లు ఎవరో ఉంటారని ఆమెకు అనుభవం మీద తెలుసు. చదువుకున్న మనం "కాలగర్భంలో కలిసిపోయింది" అని రాస్తాం. కాలానికి గర్భమూ లేదు, చేతులూ లేవు.

ముందు ఆమె ఏం చేసిందో చూద్దాం. ఫాత్మా బేగం 1892లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబంలో పుట్టింది. ఉర్దూ నాటకరంగం నుంచి సినిమాలోకి వచ్చింది. 1922లో అర్దేశిర్ ఇరానీ నిర్మించిన 'వీర్ అభిమన్యు'లో తొలిసారి తెర మీద కనిపించింది. అప్పటికి మన సినిమా వయసు తొమ్మిదేళ్లు. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషానికి ఒక్క స్త్రీ దొరకలేదు. హోటల్లో వంట చేసే అన్నా సాలుంకే అనే యువకుడికి చీర కట్టించి తారామతిని చేశారు. అదే ఏడాది 'మోహినీ భస్మాసుర్'లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు గానీ, ఆ తర్వాత కూడా ఎన్నో సినిమాల్లో ఆడవేషాలు మగవాళ్లే వేశారు. "మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు" కెమెరా ముందుకు రారన్నది అప్పటి మాట. వచ్చినవాళ్లు మర్యాదస్తులు కారన్నది ఆ మాట వెనక మాట. (మన దగ్గర సురభి నాటక సమాజాల్లో అంతకుముందు నుంచే ఆడవేషాలు ఆడవాళ్లు వేస్తున్నారు. వాళ్లను "కుటుంబ స్త్రీలు" అని మెచ్చుకున్నవాళ్లు, కళావంతుల ఇళ్ల నుంచి వచ్చిన నటీమణుల దగ్గరికి వచ్చేసరికి నోరు ఎట్లా మార్చుకున్నారో అది వేరే వ్యాసం.)

అట్లాంటి రోజుల్లో ఈమె నాలుగేళ్లు నటించి, 1926లో సొంతంగా ఫాత్మా ఫిల్మ్స్ అనే కంపెనీ పెట్టింది. 1928లో దాని పేరు విక్టోరియా-ఫాత్మా అయింది. 'హీర్ రాంఝా', 'శకుంతల' వంటివి తీసింది. ముగ్గురు కూతుళ్లు, సుల్తానా, జుబేదా, షహజాదీ, నటీమణులయ్యారు. 1931 మార్చి 14న విడుదలైన మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'లో కథానాయిక ఆ జుబేదాయే. తల్లి నిర్మాత, దర్శకురాలు. కూతుళ్లు తారలు. ఒకే ఇంటి స్త్రీలు ఒక పరిశ్రమలో ఇంత పని చేసిన మాట వంశవృక్షాలంటే చెవికోసుకునే మన సినిమా పత్రికలకు ఎందుకు పట్టలేదో మరి.

అందరికంటే ముందు సినిమా తీసిందన్న మాట సరే. ఎట్లాంటి సినిమా తీసిందన్నది నాకు అంతకంటే ముఖ్యం. పరిస్తాన్ అంటే పరీల దేశం, అప్సరసల లోకం. అది మాయలతో, వింతలతో పెద్ద ఖర్చు పెట్టి తీసిన అద్భుత సాహస చిత్రమని మిగిలిన రాతలు చెబుతున్నాయి. ఆ రోజుల్లో అట్లాంటి సినిమా తీయడమంటే ఏమిటో ఆలోచించండి. కెమెరాను చేత్తో తిప్పాలి. వెలుగు చాలావరకు సూర్యుడిదే. ముడి ఫిల్ము విదేశాల నుంచి ఓడలో రావాలి. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పాలి. ఒకే చట్రంలో రెండు బొమ్మలు కనపడాలంటే ఒకసారి తీసిన ఫిల్మునే వెనక్కి చుట్టి, దాని మీదే మళ్లీ తీయాలి. రెండోసారి పొరపాటు జరిగితే మొదటిసారి తీసిందీ పోతుంది. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిని అంకెలు లెక్కపెట్టుకుంటూ కెమెరాలోనే చేసేవారు. డబ్బు, సాంకేతిక జ్ఞానం, పదిమంది మగవాళ్లను పని చేయించే అధికారం మూడూ ఉంటే తప్ప సాగని పని. ఆడది దర్శకత్వం వహిస్తే ఏడుపుల సంసార కథ తీస్తుందని నేటికీ అనుకునేవాళ్లు ఉన్నారు. మొదటిసారి దర్శకత్వం చేసిన స్త్రీ అన్నిటికంటే కష్టమైనదీ ఖర్చయ్యేదీ ఎంచుకుంది.

ఇక్కడ మనలో కొందరు మిత్రుల గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. వరకట్నపు చావులున్నాయి, పనిచోట వేధింపులున్నాయి, కూలి రేట్లలో తేడా ఉంది, ఇన్ని ఉండగా ఎప్పుడో పోయిన పరీల సినిమా కోసం నాలుగు పేజీలా? అది "సామాజిక సమస్య" మీద తీసిన చిత్రం కూడా కాదు గదా? ఈ ప్రశ్న మర్యాదగా అడిగినవాళ్లకు మర్యాదగానే జవాబు చెబుతాను. స్త్రీలు సమస్యల గురించి మాట్లాడితేనే విలువ, ఊహలకు విలువ లేదనడం కూడా అణచివేత నేర్పిన లెక్కే. మగవాడు ఎగిరే గుర్రం కథ చెబితే అది కళ. ఆడది చెబితే కాలక్షేపం. బాధితురాలిగా స్త్రీ ఇచ్చిన వాంగ్మూలానికి పోలీస్ స్టేషన్లో కాకపోయినా మన నివేదికల్లోనైనా చోటుంది. ఆమె కన్న కలకు ఎక్కడా చోటు లేదు. దానికి ఫైలు నంబరు ఉండదు. గాయాలు మాత్రమే భద్రపరిచే ఉద్యమం స్త్రీని గాయంగానే గుర్తుపెట్టుకుంటుంది. పరిస్తాన్‌లో ఆ బుల్‌బుల్ ఏం చేసిందో, ఎవరిని ఎదిరించిందో తెలుసుకునే హక్కు నాకు లేదా?

సరే, సినిమా పోయింది. ఆమె గురించి మిగిలిందేమిటి? ఆమె మీద రాసిన రాతలు తిరగేయండి. సగం చోట్ల ఒకటే చర్చ: ఒక చిన్న సంస్థానపు నవాబుతో ఆమెకు పెళ్లయిందా, కాలేదా? పిల్లలను ఆయన ఒప్పుకున్నాడా, లేదా? పెళ్లి కాగితం దొరికిందా? ఆమె సంతకం చేసిన కాంట్రాక్టు ఎవరూ వెతకలేదు. స్టూడియో జమాఖర్చు ఎవరూ వెతకలేదు. కెమెరా మాయలు ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎవరికి నేర్పిందో ఎవరికీ అక్కర్లేదు. పెళ్లి కాగితం మాత్రం అందరికీ కావాలి. స్త్రీ చేసిన పని చెత్తబుట్టలోకి పోయినా ఆమె పడకగది మాత్రం భద్రంగా చరిత్రకెక్కుతుంది. పితృస్వామ్యం దాచిపెట్టేదేమిటో, పారేసేదేమిటో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ సంఘం ఆమె అడిగిన ప్రశ్నకు వద్దాం. ఎవరు పోగొట్టారు?

ఆ కాలపు ఫిల్ము నైట్రేట్ ఫిల్ము. తొందరగా అంటుకుంటుంది, అంటుకుంటే ఆరదు. వేడికీ తేమకీ జిగురై, చివరికి పొడి అవుతుంది. ఇది రసాయనం చేసిన పని. కానీ రసాయనం ఒక్కటే చేయలేదు. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. టాకీలు వచ్చి మూకీలు ఆడడం మానేశాక ఆ రీళ్లను కిలోల లెక్కన అమ్మారు. వెండి కరిగించి తీసుకున్నారు. మిగిలిన సెల్యులాయిడ్ కూడా వదల్లేదు, గాజులకూ చేతిసంచులకూ పనికొచ్చిందని పాతతరం సినిమావాళ్లు చెప్పుకునేవారు. అదే నిజమైతే, ఆ రోజుల్లో ఆడవాళ్లు తాము చూసిన సినిమానే చేతికి తొడుక్కుని తిరిగారన్నమాట. 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' ఇట్లాగే పోయిందని నేను చెప్పడం లేదు. ఏ దారిన పోయినా, అమ్ముకోదగ్గ సరుకుగా తప్ప దాచుకోదగ్గ వస్తువుగా ఎవరూ చూడకపోవడం వల్లనే పోయింది.

ఇక ప్రభుత్వం. సినిమాను అదుపు చేయడానికి 1918లోనే చట్టం చేశారు. 1927లో రంగాచారియార్ అధ్యక్షతన కమిటీ వేశారు. దేశమంతా తిరిగి వందల మంది సాక్ష్యం తీసుకున్నారు. నివేదిక 1928లో వచ్చింది. ఆ నివేదిక, ఆ సాక్ష్యాల సంపుటాలు ఇవాళ్టికీ చదువుకోవచ్చు. అంటే సినిమా గురించి అధికారులు ఏమనుకున్నారో అక్షరం పొల్లుపోకుండా దాచారు. ఆ సినిమాలను దాచలేదు. పుస్తకం అచ్చువేస్తే ప్రభుత్వానికి ప్రతి ఇవ్వాలన్న చట్టం 1867లోనే వచ్చింది. జాతీయ గ్రంథాలయాలకు ప్రతులు పంపాలన్న చట్టం 1954లో వచ్చింది. సినిమా తీసినవాళ్లంతా జాతీయ ఆర్కైవ్‌కు ఒక ప్రింటు ఇచ్చి తీరాలన్న చట్టం మాత్రం రాలేదు. ఆ ఆర్కైవ్ పుణేలో మొదలైందే 1964లో. దాన్ని కట్టినవాడు పి.కె. నాయర్. ఆయన ఊరూరా తిరిగి డబ్బాలు మోసుకు రాకపోతే ఫాల్కే తునకలు కూడా మనకు మిగిలేవి కావు. ఆయన మొదలుపెట్టేనాటికి మూకీలు పోయి ముప్ఫై ఏళ్లయింది. 2003 జనవరిలో పుణేలోనే నైట్రేట్ ఫిల్ములు పెట్టిన గదులు కాలిపోయాయి. 2022లో ఆర్కైవ్‌ను తీసుకెళ్లి, సినిమాలు నిర్మించే ఎన్‌ఎఫ్‌డీసీ అనే కార్పొరేషన్లో కలిపేశారు. సినిమా మీద లాభం చూసుకోవాల్సిన సంస్థ చేతికి లాభం లేని పాత డబ్బాలు అప్పజెప్పారు. దీని మీద సినిమావాళ్లు కొందరు నిరసన తెలిపారు. మహిళా సంఘాలేవీ మాట్లాడిన గుర్తు నాకు లేదు. అది మన విషయం కాదనుకున్నాం.

మన దేశంలో 1,300కు పైగా మూకీలు తయారయ్యాయి. మిగిలినవి, తునకలతో సహా లెక్కవేసినా, వందకు మూడు దాటవు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. మగవాళ్లు తీసినవి కూడా పోయాయి గదా, 'ఆలం ఆరా' కూడా పోయింది గదా, ఇందులో స్త్రీ పురుష భేదం ఎక్కడుంది? నిజమే, మంటకు భేదం లేదు. మంట ఆరిన తర్వాత మొదలవుతుంది భేదం. మన తెలుగువాళ్ల సంగతే చూడండి. 1921 ప్రాంతంలో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. అదీ పోయింది. కానీ రఘుపతి వెంకయ్య పేరు పోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి ఆయన పేరిట పురస్కారం ఇచ్చింది. ఆ సినిమాలో గంగ పాత్ర వేసిన పెగ్గీ కాస్టెల్లో ఎవరు? ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది? తెలుగు సినిమా చరిత్ర పుస్తకాలు ఆమెకు ఇచ్చింది ఆ పేరు మాత్రమే. కేరళకు వెళ్లండి. తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్', మూకీ. తీసిన జె.సి. డేనియల్ పేరిట 1992 నుంచి ఆ ప్రభుత్వం పురస్కారం ఇస్తోంది. అందులో నటించిన పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయర్ యువతి వేషం వేసిందన్న నేరానికి అగ్రకులస్థులు తెర మీద రాళ్లు వేశారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె ఊరు వదిలి పారిపోయి, పేరు మార్చుకుని బతికింది. సినిమా కూడా పోయింది. ఫాల్కే తీసినవాటిలో ఎక్కువ భాగం పోయాయి. ఆయన పేరిట 1969 నుంచి దేశంలోకెల్లా పెద్ద సినిమా గౌరవం ఉంది.

ముగ్గురు పురుషుల సినిమాలు పోయి పేర్లు బిరుదులయ్యాయి. ఫాత్మా, పెగ్గీ, రోజీల సినిమాలతో పాటు మనుషులూ పోయారు. ముస్లిం స్త్రీ, ఆంగ్లో-ఇండియన్ స్త్రీ, దళిత స్త్రీ. "భారతీయ నారి" అన్న చట్రంలో ఇమడని ముగ్గురు. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే వినడానికి నేను సిద్ధంగా లేను. 2019లో కేరళ సినిమా స్త్రీలు తమ ఫిల్మ్ సొసైటీకి రోజీ పేరు పెట్టుకున్నారు. స్త్రీలు సంఘటితమయ్యాక గానీ ఆ పేరు బయటికి రాలేదు.

ఫాత్మా బేగం 1983 వరకు బతికి ఉంది. ఆర్కైవ్ మొదలైన తర్వాత పందొమ్మిదేళ్లు. జుబేదా 1988 వరకు ఉంది. అప్పటికి దేశమంతటా స్వతంత్ర మహిళా సంఘాలు ఏర్పడ్డాయి, మథుర కేసు మీద వీధుల్లోకి వచ్చాం, పత్రికలు పెట్టుకున్నాం. బొంబాయి నగరంలో ఆ తల్లీకూతుళ్లు ఉండగానే ఇదంతా జరిగింది. ఒక టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లి, అమ్మా ఆ పరీలు ఎట్లా ఎగిరారో చెప్పు అని అడిగి తెచ్చిన మాటలేవీ మన చేతికి అందలేదు.

ప్రపంచంలో మిగతాచోట్ల కూడా ఇంతేనా? ఫ్రాన్సులో ఆలిస్ గీ 1896లోనే సినిమా తీయడం మొదలుపెట్టింది. తర్వాత అమెరికాలో సొంత స్టూడియో కట్టింది. ఆమె పనిచేసిన కంపెనీ చరిత్రలోనే ఆమె పేరు లేకపోయింది. ఆమె సినిమాలను మగవాళ్ల ఖాతాలో వేశారు. ముసలితనంలో తన సినిమాల కోసం తానే వెతుక్కుంది. 1968లో చనిపోయేనాటికి దొరికినవి బహు తక్కువ. ఆమె పోయాక స్త్రీవాదులు, ఆర్కైవ్‌లలో పనిచేసేవాళ్లు పట్టుబట్టి వెతికితే వందకు పైగా బయటపడ్డాయి. వెతికారు గనక దొరికాయి.

అంతదూరం ఎందుకు, మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. వీరేశలింగం గారికి అది నచ్చలేదు. ఆడదై ఉండి ఇట్లా రాస్తుందా అని చీదరించుకున్నారు. ఆ కావ్యం అక్కడితో మాసిపోవాల్సింది. బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతిని వెతికి పట్టుకుని, సరిచూసి, 1910లో అచ్చువేయించింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాక గానీ నిషేధం పోలేదు. నాగరత్నమ్మ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కాదు, దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని. ఒక స్త్రీ రాసింది బాగుంది, ఇది పోకూడదు అనుకుంది, అంతే. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూర్చుని, విని, రాశారు. అప్పుడు వెళ్లకపోయి ఉంటే ఆ తల్లుల గొంతులు ఇవాళ మనకు లేవు. భద్రపరచడం ఉద్యమంలో భాగమని ఆ పుస్తకం ఎప్పుడో చూపించింది.

మరి ఆ తర్వాత? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు ఎన్ని పాటలు పుట్టాయి, ఎన్ని కరపత్రాలు, ఎన్ని వీడియో క్యాసెట్లు! ఆ క్యాసెట్ల టేపుకు ఇప్పుడు బూజు పట్టి ఉంటుంది, ఆడించే యంత్రమూ దొరకదు. ఒక జిల్లా కేంద్రంలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టు ముగిసి, అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ, పదిహేనేళ్ల సంఘాల మినిట్స్ పుస్తకాలు పాత కాగితాలవాడికి తూకానికి వేసింది. నేను వెళ్లేసరికి ఆటో వెళ్లిపోయింది. వేలిముద్రలు వేయడం మానేసి తొలిసారి సంతకం చేసిన స్త్రీల సంతకాలు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. ఫిల్ములో వెండి ఎంతొస్తుందని లెక్కకట్టినవాడికీ, మినిట్స్ పుస్తకం ఎన్ని కిలోలు తూగుతుందని లెక్కకట్టిన సంస్థకూ తేడా ఏమిటి?

"డాక్యుమెంటేషన్‌కు మా ప్రాజెక్టులో బడ్జెట్ ఉందండీ" అంటారు. ఉంది. దాతకు పంపే ఇంగ్లీషు రిపోర్టుకు ఉంది, రంగుల ఫొటోలతో. తెలుగులో సంఘం స్త్రీలు మాట్లాడిన టేపు దాచడానికి ఒక ఇనప బీరువా కొనండి అంటే ఆ పద్దు కింద రాదంటారు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాక మరీ అన్యాయం. ధర్నా జరిగిన సాయంత్రం వెయ్యి వీడియోలుంటాయి, ఫోను పోతే అవీ పోతాయి.

అందుకని నేను కోరేవి గాలిలో మేడలు కావు. తీసిన ప్రతి సినిమాకూ ఒక ప్రతి జాతీయ ఆర్కైవ్‌కు చేరాలన్న చట్టం కోసం సినిమావాళ్లతో పాటు మహిళా సంఘాలూ అడగాలి. ఆర్కైవ్‌లో ఉన్నవాటిలో స్త్రీలు తీసినవి, రాసినవి, కూర్చినవి ఏవేవో విడిగా జాబితా చేసి బయట పెట్టమనాలి. దక్షిణాదిలో తొలి మహిళా దర్శకురాలు టి.పి. రాజలక్ష్మి 1936లో 'మిస్ కమల' తీసింది, అదీ పోయిందనే అంటున్నారు. భానుమతి 1953లో మూడు భాషల్లో తీసిన 'చండీరాణి'కి మంచి ప్రింట్లు ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో అడిగి తెలుసుకుందాం. ఇవాళ ఉన్నది రేపు పోకుండా చూడడం, పోయినదాని కోసం ఏడవడం కంటే తేలిక. ఇక మన సంస్థల్లో, ప్రతి ప్రాజెక్టు ముగింపులో కాగితాలు, టేపులు ఎవరికి అప్పజెప్పాలో ముందే తీర్మానం రాసుకోవాలి. జిల్లా గ్రంథాలయమైనా సరే, విశ్వవిద్యాలయమైనా సరే, పాత కాగితాలవాడు మాత్రం కాకూడదు.

'బుల్‌బుల్' మాటకొస్తే, ఆశ పూర్తిగా వదలనక్కర్లేదు. కలకత్తా మదన్ కంపెనీ 1919లో తీసిన 'బిల్వమంగళ్' పోయిందనే అందరూ అనుకున్నారు. పారిస్‌లోని ఫ్రెంచి సినిమాథెక్‌లో 594 మీటర్ల తునక ఉందని తెలిసింది, 2016లో దాని నకలు పుణేకు వచ్చింది. మన మూకీలు దేశం దాటి ఆడాయి. రఘుపతి వెంకయ్య తన బొమ్మల ప్రదర్శన పట్టుకుని సింహళం, బర్మా తిరిగాడు. మలయాలో, బర్మాలో తోటల్లో, రేవుల్లో పనిచేసిన తెలుగు కూలీలు డేరాలకిందా రేకుల హాళ్లలోనూ బొమ్మలు చూశారు. ఆ ప్రాంతాల్లో, దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ పత్రిక చదివే స్త్రీలున్నారు. పాత సినిమా హాళ్లు నడిపినవాళ్ల ఇళ్లలో, మూతపడ్డ హాళ్ల అటకల మీద తుప్పు పట్టిన గుండ్రటి రేకు డబ్బాలు కనపడితే, మూత తీసి వెలుగులో పట్టుకుని చూడాలని సరదా పడకండి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకండి, సిగరెట్టు కాల్చేవాణ్ని అటు రానివ్వకండి. డబ్బా మీద ఏం రాసి ఉందో అది ఏ లిపిలో ఉన్నా అట్లాగే చూసి రాసుకుని, చల్లని చోట ఉంచి, దగ్గర్లోని ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయండి. మాకూ ఒక ఉత్తరం ముక్క రాయండి.